అరకు మూడో వంతు కలిపితే ఐదింట రెండు వంతులు ఎందుకు కావు?

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. కూడికలు, గుణకారాలు చకచకా చేస్తుంది గానీ కారణాంకాలు, గుణిజాలు అనేసరికి ఏది ఏదో తెలియక తడబడుతుంది. గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) అడిగితే కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం), కసాగు అడిగితే గసాభా రాస్తుంది. మొన్న 1/2కు 1/3 కలపమంటే, పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ మూడూ ఐదు అనుకుని 2/5 అని రాసింది. తప్పని చెప్పాను గానీ ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. ‘కనిష్ఠ’ సామాన్య గుణిజం పెద్ద సంఖ్యగానూ, ‘గరిష్ఠ’ సామాన్య భాజకం చిన్న సంఖ్యగానూ ఎందుకు వస్తాయో నాకే చిన్నప్పటి నుంచి అంతుపట్టలేదు. భిన్నాలు కలిపేటప్పుడు హారాలు రెండింటినీ గుణించేస్తే సరిపోదా, కసాగు ఎందుకు? ఎక్కాలు మళ్లీ మొదటి నుంచి చదివించమంటారా? — ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీరు అడిగినవి నాలుగైదు ప్రశ్నల్లా కనిపిస్తున్నా వాటన్నిటికీ వేరు ఒక్కటే. ఒక సంఖ్య మరో సంఖ్యలో శేషం మిగలకుండా సరిగ్గా పడుతుందా, పడితే ఎన్నిసార్లు పడుతుంది అన్నదే ఆ వేరు. దాన్ని ఒకవైపు నుంచి చూస్తే కారణాంకం, రెండోవైపు నుంచి చూస్తే గుణిజం. వేర్వేరు పరిమాణాల్లో ఉన్న రెండు ముక్కల్లోనూ సరిగ్గా పట్టే ఒక ఉమ్మడి ముక్క కోసం వెతికితే అదే భిన్నాల కూడిక. పుస్తకంలో ఇవి వేర్వేరు పాఠాలుగా ఉండడంతో పిల్లలు వీటిని ఒకదానితో ఒకటి సంబంధం లేని విద్యలుగా నేర్చుకుంటారు, పరీక్ష అయ్యాక ఒకదానితో ఒకటి కలిపేసుకుంటారు. మీ అమ్మాయికి జరుగుతున్నది అదేనని నా నమ్మకం. తనకు లెక్క రాకపోవడం కాదు ఇది, లెక్కల మధ్య ఉన్న చుట్టరికం ఎవరూ చూపించకపోవడం.

ముందు ఆ 2/5 సంగతి చూద్దాం. తప్పు అనే మాట అనకుండా, పది గళ్లున్న ఒక కాగితపు పట్టీ కత్తిరించి తన చేతికి ఇవ్వండి. అందులో సగానికి రంగు వేయమంటే ఐదు గళ్లకు వేస్తుంది. అలాంటిదే మరో పట్టీ ఇచ్చి, దాన్ని ఐదు సమాన భాగాలు చేసి రెండు భాగాలకు రంగు వేయమంటే నాలుగు గళ్లకు వేస్తుంది. ఇప్పుడు రెండు పట్టీలనూ పక్కపక్కన పెట్టి, సగంతో మొదలుపెట్టి దానికి ఇంకొంత కలిపిన తరువాత సగం కంటే తక్కువ ఎలా వచ్చిందని అడగండి. ఆ క్షణంలో తన ముఖంలో వచ్చే ఆశ్చర్యాన్ని తొందరపడి మాటలతో చెరిపేయకండి. జవాబు సరైనదేనా అని మరొకరిని అడగనక్కరలేదని, తనే తూచి చూసుకోవచ్చని ఒక బిడ్డకు తెలిసే క్షణం అది.

తను రాసింది ఊరికే తోచిన పిచ్చి లెక్క కాదని కూడా మీరు గ్రహించాలి. ఒక పరీక్షలో రెండు ప్రశ్నలకు ఒకటి, మరో పరీక్షలో మూడు ప్రశ్నలకు ఒకటి సరిగ్గా రాస్తే, మొత్తం మీద ఐదు ప్రశ్నలకు రెండు సరిగ్గా రాసినట్టే కదా. అక్కడ పైవాటిని పైవాటితోనూ కిందివాటిని కిందివాటితోనూ కలపడం సబబే. అయితే అక్కడ మొత్తాలు రెండు, అవి వేర్వేరు. మనం 1/2కు 1/3 కలపమన్నప్పుడు అర, మూడో వంతు రెండూ ఒకే వస్తువులో భాగాలు. ఒకే పట్టీలో అర తీసుకున్నాక అదే పట్టీలో మూడో వంతు తీసుకుంటున్నాం. మొత్తం ఏదో చెప్పకుండా భిన్నం గురించి మాట్లాడితే ఈ గందరగోళం తప్పదు. అందుకే ప్రతి లెక్కలోనూ ‘దేనిలో సగం, దేనిలో మూడో వంతు’ అని మొదట అడిగే అలవాటు చేయించండి.

ఈ పొరపాటు వెనుక చదివే తీరు కూడా ఉంది. పిల్లలు 3/5ను ‘త్రీ బై ఫైవ్’ అని చదువుతారు. అలా చదివితే చెవికి రెండు సంఖ్యలే వినిపిస్తాయి. రెండు సంఖ్యలుగా విన్న బిడ్డ రెండింటినీ కలపడంలో వింతేమీ లేదు. మన భాషలో దీనికి చక్కని పలుకుబడి ఉంది: ‘ఐదింట మూడు వంతులు’. ఇందులో ఐదు అనేది వంతు ఎంత పరిమాణమో చెబుతుంది, మూడు అనేది అలాంటి వంతులు ఎన్నో చెబుతుంది. ‘ముప్పావు’ అన్న మాటను విప్పి చూడండి. మూడు పావులు అని లోపలే ఉంది. మూడు వందలు, మూడు వేలు అన్నట్టే మూడు పావులు. కింద ఉన్న హారం ముక్కకు పేరు, పైన ఉన్న లవం ముక్కల లెక్క. 2/7, 3/7 కలపమన్నప్పుడు ‘ఏడో వంతులు రెండు, ఏడో వంతులు మూడు, కలిపితే ఏడో వంతులు ఐదు’ అని నోటితో చెప్పించండి. రెండు వందలకు మూడు వందలు కలిపి ఐదు రెండొందలు అని ఎవరూ అనరు, పేరును పేరుతో కూడరు. వారం రోజులు ఇలా చదివిస్తే హారాలను కూడే అలవాటు చాలామంది పిల్లల్లో దానంతట అదే పోవడం నేను చూశాను.

అయితే అర, మూడో వంతు అన్నప్పుడు పేర్లే వేరు. పేర్లు వేరైనప్పుడు ఏం చేయాలన్న చోటే కారణాంకాలు, గుణిజాలు పనికొస్తాయి. అక్కడికి వెళ్లే ముందు ఈ రెండు మాటల తికమక తీర్చుకుందాం.

మాటల్లోనే అర్థం ఉంది. గుణిజం అంటే గుణించగా పుట్టినది. అంబువులో, అంటే నీటిలో, పుట్టింది అంబుజం అయినట్టే. కారణాంకం అంటే ఆ సంఖ్య ఏర్పడడానికి కారణమైన అంకం. 3 × 4 = 12 అన్నప్పుడు 3, 4 కారణాలు, 12 పుట్టినది. పిల్లలు ‘6 కారణాంకమా, గుణిజమా’ అని అడుగుతుంటారు. ఆ ప్రశ్న ‘ఆమె తల్లా, కూతురా’ అని అడిగినట్టు ఉంటుంది. ఎవరికి అని చెప్పనిదే జవాబు లేదు. ఒకే మనిషి ఒకరికి కూతురై మరొకరికి తల్లి అయినట్టు, 12 అనే సంఖ్య 3కు గుణిజం, 36కు కారణాంకం. కాబట్టి మీ అమ్మాయి ‘దేనికి’ అన్న మాట లేకుండా ఈ రెండు పదాల్లో దేన్నీ పలకకూడదని ఒక నియమం పెట్టండి. ‘3 అనేది 12కు కారణాంకం, 12 అనేది 3కు గుణిజం’ అని రెండు వాక్యాలూ వెంటవెంటనే చెప్పించండి. ఒకే నిజాన్ని రెండు వైపుల నుంచి చెబుతున్నామని అప్పుడు తెలుస్తుంది.

దీన్ని కంటితో చూడాలంటే గళ్ల కాగితం చాలు. పన్నెండు గళ్లతో ఎన్ని రకాల దీర్ఘచతురస్రాలు గీయవచ్చో గీయమనండి. ఒక వరుసలో పన్నెండు, రెండు వరుసల్లో ఆరేసి, మూడు వరుసల్లో నాలుగేసి, అంతే. ఐదు వరుసలు చేయబోతే వరుసకు రెండేసి సర్ది ఇంకా రెండు గళ్లు మిగిలిపోతాయి. ఆ మిగిలినవే శేషం. గీసిన బొమ్మల పక్కల పొడవులు 1, 12, 2, 6, 3, 4. ఇవే 12కు ఉన్న కారణాంకాలు, ఇంకొకటి లేదు. ఇలా బొమ్మలో చూసినప్పుడు కారణాంకాలు జంటలుగా వస్తాయని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. 13 గళ్లు ఇస్తే ఒకే ఒక పొడవాటి వరుస తప్ప మరో ఆకారం కుదరదు. ప్రధాన సంఖ్య అంటే అదే. 16 గళ్లిస్తే నాలుగు నాలుగుల చతురస్రం ఒకటి వస్తుంది. అక్కడ జంటలో ఇద్దరూ ఒకరే కావడంతో కారణాంకాల సంఖ్య ఐదు, బేసి అవుతుంది. వర్గ సంఖ్యలకు మాత్రమే ఇలా జరుగుతుంది. పాఠంలో అడగకపోయినా ఇది మీ అమ్మాయికి చూపించండి. తనంతట తను కనుక్కున్నట్టు అనిపించే విషయాల్లో ఇది ఒకటి.

గుణిజాల తీరు వేరు. 12కు ఉన్న కారణాంకాలు మొత్తం ఆరే గానీ, 12కు గుణిజాలు 12, 24, 36, 48 అంటూ ఎక్కడా ఆగవు. ఒక సంఖ్య కారణాంకం ఏదీ ఆ సంఖ్యను మించదు. సున్నను పక్కన పెడితే, గుణిజం ఏదీ ఆ సంఖ్యకు తగ్గదు. ఆ రెండు జాబితాల్లోనూ ఉండేది ఆ సంఖ్య ఒక్కటే. ఈ తేడా మనసులో నిలిస్తే మీ చిన్ననాటి సందేహానికి జవాబు కూడా వచ్చేసినట్టే.

12, 18 తీసుకోండి. 12 కారణాంకాలు 1, 2, 3, 4, 6, 12. 18 కారణాంకాలు 1, 2, 3, 6, 9, 18. రెండింటిలోనూ ఉన్నవి 1, 2, 3, 6. వీటిలో పెద్దది 6. అదే గరిష్ఠ సామాన్య భాజకం. కొన్ని పుస్తకాలు దీన్నే గరిష్ఠ సామాన్య కారణాంకం అంటాయి, రెండూ ఒకటే. ఇక గుణిజాలు: 12కు 12, 24, 36, 48, 60, 72, 18కి 18, 36, 54, 72. రెండింటిలోనూ ఉన్నవి 36, 72, ఆ తరువాత 108, ఇలా అంతులేకుండా పోతాయి. వీటిలో చిన్నది 36. అదే కనిష్ఠ సామాన్య గుణిజం. ‘గరిష్ఠ’, ‘కనిష్ఠ’ అన్న మాటలు ఈ రెండు జవాబులను ఒకదానితో ఒకటి పోల్చడం లేదు. ఒక్కొక్కటీ తన గుంపులో మాత్రమే పెద్దది లేదా చిన్నది. ఉమ్మడి కారణాంకాల గుంపులో ఉన్నవారంతా పొట్టివారే. అందులో పొడగరి ఆరు. ఉమ్మడి గుణిజాల గుంపులో ఉన్నవారంతా పొడవైనవారే. అందులో పొట్టివాడు ముప్పై ఆరు. మరి కనిష్ఠ సామాన్య కారణాంకం అని ఎందుకు అడగరంటే, అది ఎప్పుడూ 1 కాబట్టి అడిగి ప్రయోజనం లేదు. గరిష్ఠ సామాన్య గుణిజం ఎందుకు అడగరంటే, గుణిజాలకు అంతులేదు కాబట్టి అలాంటిది లేనే లేదు. అడగదగ్గవి మిగిలిన రెండే, వాటికే పేర్లు పెట్టారు.

ప్రధాన కారణాంకాలుగా విడదీసినప్పుడు ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 12 = 2 × 2 × 3, 18 = 2 × 3 × 3. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి ఒక 2, ఒక 3, గుణిస్తే 6. రెండింటి అవసరమూ తీర్చాలంటే 2 రెండుసార్లు, 3 రెండుసార్లు కావాలి, గుణిస్తే 36. ఆ 6ను 36తో గుణిస్తే 216, 12ను 18తో గుణించినా 216. రెండు సంఖ్యల విషయంలో ఇది ఎప్పుడూ నిజం. మూడు సంఖ్యలకు మాత్రం దీన్ని వాడకూడదు: 2, 4, 8 తీసుకుంటే గసాభా 2, కసాగు 8, వాటి లబ్ధం 16, మూడు సంఖ్యల లబ్ధమేమో 64. ఈ జాగ్రత్త చెప్పకుండా సూత్రం మాత్రమే చెప్పడం వల్ల చాలామంది పిల్లలు తరువాతి తరగతుల్లో దెబ్బతింటారు.

లెక్కలో ఏది కనుక్కోవాలో తెలియక తడబడే విషయానికి వద్దాం. ‘పెద్దది’ అని ఉంటే గసాభా, ‘చిన్నది’ అని ఉంటే కసాగు అని ఒక కిటుకు ప్రచారంలో ఉంది. దయచేసి దాన్ని మీ అమ్మాయికి నేర్పకండి. నేర్చుకుని ఉంటే మాన్పించండి. 12 మీటర్ల తాడు, 18 మీటర్ల తాడు ఉన్నాయి, రెండింటినీ ఏమీ మిగలకుండా సమానమైన ముక్కలుగా కోయాలి, ముక్కల సంఖ్య వీలైనంత తక్కువగా ఉండాలి అన్నారనుకోండి. ‘తక్కువ’ అన్న మాట చూసి కిటుకు పట్టుకున్న బిడ్డ కసాగు కనుక్కుని 36 అంటుంది. పన్నెండు మీటర్ల తాడులోంచి ముప్పై ఆరు మీటర్ల ముక్క ఎలా వస్తుంది? ముక్కలు తక్కువగా ఉండాలంటే ఒక్కో ముక్క పొడవుగా ఉండాలి, రెండు తాళ్లలోనూ సరిగ్గా పట్టాలి, కాబట్టి కావలసింది గసాభా: ఆరేసి మీటర్ల ముక్కలు, మొదటి తాడులో రెండు, రెండో తాడులో మూడు, మొత్తం ఐదు.

కిటుకుకు బదులు ఒక ప్రశ్న నేర్పండి: ‘ఇచ్చిన సంఖ్యలను కోస్తున్నామా, పేరుస్తున్నామా?’ ఉన్నదాన్ని కోసి, సర్ది, పంచి, సమానమైన గుంపులు చేస్తుంటే జవాబు ఆ సంఖ్యల లోపల ఉంటుంది. అది కారణాంకాల పని. ఉన్నదాన్ని ఒకదాని తరువాత ఒకటి పేర్చుకుంటూ, మళ్లీ మళ్లీ జరుగుతున్నవి ఎప్పుడు కలుస్తాయో చూస్తుంటే జవాబు ఆ సంఖ్యలకు బయట ఉంటుంది. అది గుణిజాల పని. ఒక దీపం 12 సెకన్లకు ఒకసారి, మరొకటి 18 సెకన్లకు ఒకసారి వెలుగుతుంటే, ఇప్పుడు కలిసి వెలిగినవి మళ్లీ ఎప్పుడు కలిసి వెలుగుతాయంటే, 36 సెకన్ల తరువాత. నేలకు పరిచే పలకల లెక్కలోనూ ఇంతే. 12 అడుగులు, 18 అడుగుల గదిని కోత లేకుండా నింపే అతి పెద్ద చతురస్రపు పలక భుజం 6 అడుగులు. 12 అంగుళాలు, 18 అంగుళాల పలకలను ఒకే వాటంగా పరిచి తయారుచేయగల అతి చిన్న చతురస్రం భుజం 36 అంగుళాలు. అవే సంఖ్యలు, అవే పలకలు. మొదటిదానిలో కోస్తున్నాం, రెండోదానిలో పేరుస్తున్నాం. లెక్క చేసే ముందే జవాబు ఇచ్చిన సంఖ్యల కంటే పెద్దదిగా వస్తుందా, చిన్నదిగా వస్తుందా అని తను చెప్పగలిగితే, సగం లెక్క అయిపోయినట్టే.

ఇప్పుడు మళ్లీ అర, మూడో వంతు దగ్గరకు రండి. పేర్లు వేరైన ముక్కలను కలపాలంటే రెండింటినీ ఒకే పేరుతో పిలవగలగాలి. అంటే అర ముక్కలోనూ, మూడో వంతు ముక్కలోనూ శేషం లేకుండా సరిగ్గా పట్టే ఒక చిన్న ముక్క కావాలి. ఆరు గళ్ల పట్టీ తీసుకోండి. అర అంటే మూడు గళ్లు, మూడో వంతు అంటే రెండు గళ్లు. ఒక్కో గడి ఆరో వంతు. ఆరో వంతులు మూడు, ఆరో వంతులు రెండు, కలిపితే ఆరో వంతులు ఐదు, అంటే 5/6. ఇక్కడ ఆరు ఎక్కడి నుంచి వచ్చింది? పట్టీ గళ్ల సంఖ్య రెండు భాగాలుగానూ విడిపోవాలి, మూడు భాగాలుగానూ విడిపోవాలి. అలాంటి సంఖ్య రెండుకూ మూడుకూ ఉమ్మడి గుణిజమే కావాలి. వాటిలో చిన్నది ఆరు.

ఇంకొక్క అడుగు ముందుకు వేస్తే మీ ‘కనిష్ఠ, గరిష్ఠ’ తికమక మరోసారి, మరింత అందంగా విడిపోతుంది. హారాల్లో మనం వెతికింది కనిష్ఠ గుణిజాన్ని. కానీ ముక్కల వైపు నుంచి చూస్తే ఆరో వంతు అనేది అరలోనూ మూడో వంతులోనూ సరిగ్గా పట్టే ముక్కలన్నిటిలోకీ పెద్దది. పన్నెండో వంతు కూడా రెండింటిలో పడుతుంది, పద్దెనిమిదో వంతూ పడుతుంది, కానీ అవి ఇంకా చిన్న ముక్కలు. హారం పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుంది కాబట్టి, హారాల కసాగు కనుక్కోవడమంటే ఆ ముక్కల గసాభా కనుక్కోవడమే. కసాగు, గసాభా రెండు వేర్వేరు పాఠాలు కావని నేను మొదట అన్నది ఇందుకే. 9వ శతాబ్దపు గణితవేత్త మహావీరాచార్యుడు ఈ కసాగును ‘నిరుద్ధం’ అని పిలిచి, భిన్నాలను ఒకే హారానికి తెచ్చేందుకు వాడాడు. అంటే ఆయన ఈ ఆలోచనను భిన్నాలు కలిపే పనితోనే ముడిపెట్టాడు. మనమేమో దాన్ని భిన్నాల నుంచి విడదీసి, విడిగా ఒక అభ్యాసంగా పిల్లల ముందు పెడుతున్నాం.

పట్టీలు కత్తిరించే ఓపిక లేని రోజున గోడ గడియారం చూపించండి. గంటకు అరవై నిమిషాలు అన్న లెక్కకు మూలం బాబిలోనియన్ల అరవై లెక్క. 60కి పన్నెండు కారణాంకాలున్నాయి. అంతకంటే చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. 1 నుంచి 6 వరకు ఉన్న సంఖ్యలన్నిటికీ కసాగు కూడా అదే. అందువల్ల అరగంట 30 నిమిషాలు, మూడో వంతు 20, పావుగంట 15, ఐదో వంతు 12, ఆరో వంతు 10, అన్నీ పూర్తి నిమిషాలే. అరగంటకు మూడో వంతు గంట కలిపితే 50 నిమిషాలు, అంటే ఆరింట ఐదు వంతులు. ముల్లు ఎక్కడ ఆగిందో కనిపిస్తూనే ఉంటుంది. తరువాత గంటలో ఏడో వంతు ఎన్ని నిమిషాలని అడగండి. అది పూర్తి నిమిషాల్లో రాదని, 7 అనేది 60కి కారణాంకం కాదని తనే చెబుతుంది.

హారాలను గుణించేస్తే సరిపోదా అని అడిగారు. సరిపోతుంది, అది తప్పు పద్ధతి ఎంతమాత్రం కాదు. రెండు హారాల లబ్ధం ఎప్పుడూ వాటి ఉమ్మడి గుణిజమే. 1/2, 1/3 లాంటి చోట, అంటే హారాలకు 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనిచోట, లబ్ధమే కసాగు. అలా లేని చోట మాత్రం అనవసరంగా చిన్న ముక్కలు కోసుకుంటాం. 5/12కు 7/18 కలపాలనుకోండి. కసాగు 36 వాడితే 15/36, 14/36 కలిసి 29/36, అక్కడితో పని అయిపోయింది. లబ్ధం 216 వాడితే 90/216, 84/216 కలిసి 174/216 వస్తుంది. ఇప్పుడు పైనా కిందా 6తో భాగిస్తే అదే 29/36 వస్తుంది. ఆ 6 ఎవరో గుర్తుపట్టారు కదా, 12, 18 సంఖ్యల గసాభా. మొదట తీయకుండా వదిలేసిన ఉమ్మడి కారణాంకాన్ని చివర తీయవలసి వచ్చింది. (కసాగు వాడినా అప్పుడప్పుడు చివర ఇంకొంత కుదించాల్సి రావచ్చు: 1/6కు 1/3 కలిపితే 3/6, అంటే అర.) మీ అమ్మాయి చేత ఒకే లెక్క రెండు విధాలా చేయించి, ఏది సులువో తననే తేల్చుకోమనండి. కసాగు ఎందుకన్న ప్రశ్నకు నేను ఎంత చెప్పినా ఆ 174/216ను కుదించేటప్పుడు తెలిసినంత బాగా తెలియదు.

భిన్నాన్ని కుదించడం గురించి ఒక మాట. 2తో కొట్టి, 3తో కొట్టి, ఇక ఏదీ పోవడం లేదనిపించగానే పిల్లలు ఆపేస్తారు. 221/299 ఇస్తే 2, 3, 5 దేనితోనూ పోదు కాబట్టి ఇదే చివరి రూపం అనుకుంటారు. సుమారు క్రీస్తుపూర్వం 300 నాటి యూక్లిడ్ చెప్పిన పద్ధతి ఇక్కడ ఎంతో సాయం చేస్తుంది, ఆరో తరగతి బిడ్డకు కష్టమేమీ కాదు. పెద్ద సంఖ్యలోంచి చిన్నదాన్ని తీసేయాలి: 299లోంచి 221 తీస్తే 78. ఇప్పుడు 221లోంచి 78ని రెండుసార్లు తీస్తే 65. 78లోంచి 65 తీస్తే 13. 65లోంచి 13ను ఐదుసార్లు తీస్తే ఏమీ మిగలదు. కాబట్టి గసాభా 13, భిన్నం 17/23. ఇది ఎందుకు పనిచేస్తుందంటే, రెండు పొడవుల్లోనూ సరిగ్గా పట్టే ముక్క వాటి తేడాలో కూడా సరిగ్గా పట్టి తీరాలి. పొడవాటి పట్టీ మీద పొట్టి పట్టీ పరిచి, మిగిలిన భాగాన్ని కత్తిరించి, దానితో మళ్లీ పొట్టి పట్టీని కొలుస్తూ పోతే ఇదంతా చేతులతోనే చేయవచ్చు. ప్రధాన కారణాంకాలు కంటికి కనబడని చోట కూడా ఇది తప్పకుండా గమ్యం చేరుస్తుంది కాబట్టి, నాకు ఇష్టమైన పద్ధతి ఇదే.

భిన్నాల గుణకారానికి కసాగుతో పని లేదు. కూడిక బాగా వచ్చాక పిల్లలు దాన్ని గుణకారంలోకి కూడా తీసుకెళుతుంటారు. 2/3 × 4/5 అంటే ఐదింట నాలుగు వంతుల్లో మూడింట రెండు వంతులు. ముక్కను మళ్లీ ముక్కలు చేస్తున్నాం, కాబట్టి పదిహేనో వంతులు ఎనిమిది వస్తాయి. భాగహారంలో తలకిందులు చేసి గుణించే సూత్రం చెప్పే ముందు, 3/4లో 1/8 ఎన్నిసార్లు పడుతుందని పట్టీ మీద లెక్కపెట్టించండి. ఆరుసార్లు. మొదట్లో చెప్పిన ‘ఎన్నిసార్లు పడుతుంది’ అన్న ప్రశ్నే ఇక్కడా ఉంది.

ఎక్కాలు మళ్లీ మొదటి నుంచి చదివించమంటారా అన్నారు. తను గుణకారాలు చకచకా చేస్తుందని మీరే రాశారు కాబట్టి ఆ అవసరం లేదు. ఎక్కాన్ని తిరగేసి అడగండి చాలు. ‘నాలుగు తొమ్మిదులు ఎంత’ అనడానికి బదులు ‘ముప్పై ఆరు ఏయే ఎక్కాల్లో వస్తుంది’ అని అడిగితే, తను 1, 2, 3, 4, 6, 9, 12, 18, 36 అని కారణాంకాలన్నీ చెప్పేస్తుంది. రోజుకు రెండు సంఖ్యలు చాలు. మొదటి వారం 24, 30, 48 లాంటి సులువైనవి ఇవ్వండి, తరువాత 51, 57 ఇవ్వండి. చూడ్డానికి ప్రధాన సంఖ్యల్లా ఉండే ఈ రెండూ మూడో ఎక్కంలోనివే, మూడు పదిహేడులు, మూడు పందొమ్మిదులు. అంకెలను కూడి మూడుతో పోతుందో లేదో చూసే సూత్రం ఎందుకు కావాలో అక్కడ తనకే తెలుస్తుంది. ఆ తరువాత 91 ఇవ్వండి. దాని దగ్గర తను చాలాసేపు ఆగితే జవాబు అందించకండి. కారణాంకాలు జంటలుగా వస్తాయి, పది పదులు వంద కాబట్టి 91 జంటలో ఒకటి పదికి లోపే ఉండాలని మాత్రం గుర్తుచేయండి. 2, 3, 5 పోవని చూసుకుని, 7 దగ్గరికి తనే వస్తుంది.